అమ్మ లేని గ్రూపు

మా అత్తమ్మను చదువుకు పంపింది ఆమె కొడుకులే. చదువు వస్తుందని కాదు, మనసు మళ్ళుతుందని.

చలికాలం పోతూ పోతూ ఆమె రొమ్ములో గడ్డ బయటపడింది. ఆపరేషన్ చేయించాం. కొవ్వు గడ్డ అని చెప్పాం. ఉగాది దాటాక, వారానికి ఐదు రోజులు పొద్దున్నే తీసుకొచ్చి కరెంటు, అంటే రేడియేషన్, పెట్టించాలని దవాఖానలో అన్నారు. లోపలి పుండు ఆరడానికి అని చెప్పాం. ఆమె "ఊఁ" అంది. దవాఖాన ముందు గేటు మీద జబ్బు పేరు మనిషెత్తు అక్షరాలతో తెలుగులో రాసి ఉంటుంది. ఆ బోర్డు కిందినుంచే ఆమెను చెయ్యి పట్టుకుని నడిపించేవాళ్ళం. దాన్ని దాచాలన్న ఆలోచన కూడా మాకెవరికీ రాలేదు. చదువు రాని మనిషి దగ్గర బోర్డును దాచేదేముంది?

పేరు చెప్పకపోవడానికి ఒక కారణం ఉంది. అత్తమ్మ అక్కకు ఇదే జబ్బు వచ్చింది. చౌటుప్పల్ పక్క పల్లె. డాక్టరు మొహం మీదే చెప్పేశాడు. ఇంటికొచ్చి మంచం వేయించుకుంది, ఇక లేవలేదు. ఆపరేషన్ వద్దంది, మందులు వద్దంది. ఆ ముచ్చట ఎప్పుడొచ్చినా అత్తమ్మ ఒకటే మాట అనేది, "పేరు ఇన్న దినమే పోయింది మా అక్క. పీనుగ తర్వాత ఎల్లింది" అని. అందుకే మా ఆయన వీరేందర్, మరిది శైలేందర్ కూర్చుని తేల్చుకున్నారు. కరెంటు పెట్టడం అయిపోయేదాకా ఆ పేరు ఇంట్లో వినపడకూడదు. వింటే అమ్మ మంచం ఎక్కుతుంది, ఎక్కితే దిగదు. నేనూ సరేనన్నాను.

క్లాసు చెప్పేది నేనే. అంతకు ముందు ఓ ప్రైవేటు బడిలో ఐదో తరగతికి చెప్పేదాన్ని. బడి మూతపడ్డాక ఇంట్లోనే ఉన్నాను. శివరాత్రి వెళ్ళాక మహిళా మండలి వాళ్ళు వచ్చి, చైతన్యపురి మెట్రో వెనకవీధి కమ్యూనిటీ హాలులో ఆడవాళ్ళకు చదువు చెప్పమన్నారు. ఫోనుకు కలిపే టీవీ ఒకటి ఎవరో ఇచ్చారు. దాన్ని కలపడానికి తన్మయి అని హాస్టల్లో ఉండి కోచింగ్ తీసుకుంటున్న పిల్ల వచ్చేది. చదువుకోవడానికి వచ్చేవాళ్ళు చాలామంది ఆ రోడ్డు పొడుగునా ఉన్న హాస్టళ్ళలో వంటమనుషులు. మధ్యాహ్నం గిన్నెలు కడిగాక, సాయంత్రం చపాతీ పిండి కలిపే లోపల దొరికినంతే వాళ్ళ సమయం.

"అమ్మను గుడ తోల్కపో. ఇంట్ల ఉంటే గోడ దిక్కు చూసుకుంట కూసుంటది" అన్నాడు వీరేందర్.

"నేర్చుకుంటే?"

నవ్వాడు. "గీ వయసుల ఏం ఒస్తది భానూ. కాలక్షేపం."

మొదటిరోజు పలకలు పంచాను. వంట చేసే అమల తన పలకను అటూ ఇటూ తిప్పి చూసి కింద పెట్టేసింది.

"టీచరమ్మా, గివి మా పోరగాండ్లు ఒకటో తరగతిల పట్టుకున్నరు. మేం పట్టుకుంటే హాస్టల్ పిల్లలు నవ్వుతరు."

సరే, ఫోన్లు బయటికి తీయండి అన్నాను. ఒక్కరూ తీయలేదు. కొంగు ముడిలో ఉన్నవి కొంగులోనే ఉన్నాయి, రవికెలో ఉన్నవి రవికెలోనే ఉన్నాయి.

"ఉత్తగ సదువు చెప్తరంటే ఏదో ఉంటది. ఫోను మీద ఏలు పెట్టుమంటరు. పెడితే ఏం పోతది?" అంది అమల.

"పోయినంక తెలుస్తది," అంది వెనక వరుసలోంచి మా అత్తమ్మ.

అందరూ నవ్వారు. నేనూ నవ్వాను గానీ ఆ రోజు పాఠం అక్కడితో అయిపోయింది.

ఇంటికొచ్చి పప్పు పొయ్యి మీద పెట్టి, పాఠం మళ్ళీ మొదటినుంచీ ఆలోచించాను. వీళ్ళకు అక్షరాలంటే భయం కాదు, అక్షరాలు ఎప్పుడూ ఎవరివో కావడం వల్ల అనుమానం. వాళ్ళ మాటే అక్షరాలై ఎదురుగా నిలబడితే? ఫోనులో మైకు గుర్తు నొక్కి మాట్లాడితే మాట రాతగా పడుతుంది కదా. రాయడం తర్వాత సంగతి. ముందు ఎవరి మాటను వాళ్ళు చదవాలి.

మర్నాడు నా ఫోను టీవీకి కలిపించి అమల ముందు పెట్టాను. ఏదన్నా మాట్లాడు అన్నాను. చాలాసేపు బెట్టు చేసి, ఫోను దగ్గరికి వంగి, "మా మేనేజరు పప్పుల నీళ్లు పొయ్యమంటడు" అంది.

టీవీ మీద ఆ మాట వరసగా పడింది.

"ఏం రాసింది?"

"నువ్వన్నదే."

"తీసెయ్ టీచరమ్మా, జర తీసెయ్. మేనేజరుకు పోతదేమో."

ఆ నవ్వుల్లోనే క్లాసుకు రెండు నియమాలు పడ్డాయి. టీవీ మీద ఏది పడితే అది అందరూ గొంతు కలిపి చదవాలి. ఒక్కరే చదువుతున్నప్పుడు మాత్రం, ఎంత తడుముకున్నా పక్కవాళ్ళు అందించకూడదు. ఆగాలి.

అత్తమ్మ మైకు ముందుకు రావడానికి వారం పట్టింది. "ఇంటె ఇంటది. ఇన్నది యాడ దాసుకుంటది?" అని అడిగేది. చివరికి వచ్చి, టీవీ వైపు కాదు, నా వైపు చూస్తూ అంది: "పైవరస చూసి పెట్టె కొనొద్దు."

గడ్డిఅన్నారం మార్కెట్ అక్కడినుంచి లేచిపోయేదాకా ఆమె అందులో పండ్లు కొని తోపుడుబండి మీద అమ్మింది. పెట్టెలో పైవరస ఎప్పుడూ మంచి పండ్లే పేరుస్తారు, కిందిది చెయ్యి పెట్టి చూడాలి. ఆమెకు తెలిసిన లోకజ్ఞానమంతా ఆ ఒక్క మాటలో ఉంది. ఆ రోజు అందరూ కలిసి ఆ వాక్యాన్ని చదివారు. ఆమె చదవలేదు. వాళ్ళ నోళ్ళు చూస్తూ కూర్చుంది.

శైలేందర్ క్యాబ్ నడుపుతాడు. అమ్మ చదువుతోందని సంబరపడి టచ్ ఫోను కొనిచ్చాడు. ఇంటి గ్రూపులో కలిపాడు. ఆ గ్రూపు పేరు 'మా ఇల్లు'. కలిపిన పూటే ఇంకో గ్రూపు పెట్టాడు, అమ్మ లేనిది. ఏ రోజు ఎవరు దవాఖానకు తీసుకుపోవాలి, డాక్టరు ఏమన్నాడు, అవన్నీ అందులో రాసుకోవడానికి. ఎవరి కంటన్నా పడినా ఏదో ఆఫీసు గ్రూపు అనుకోవాలని 'డ్యూటీ' అని పేరు పెట్టాడు. వీరేందర్ ఇంగ్లీషు అక్షరాలతో కొట్టేవాడు. శైలేందర్ స్టీరింగ్ ముందు కూర్చుని నోటితో చెప్పేవాడు కాబట్టి అతనివి తెలుగులో పడేవి.

ఓ సాయంత్రం చిక్కుడుకాయలు ఈనె తీస్తూ అత్తమ్మ అడిగింది. "భానూ, మనింటి గ్రూపుల అన్ని పూలే ఒస్తయేంది? శుభోదయం, దండం, మల్ల పూలు. ముగ్గురికి ముగ్గురు దినామంత ఫోన్లు గోక్కుంటనే ఉంటరు, మాట ఒక్కటి రాదు."

"పనులల్ల ఉంటరు గదా అత్తమ్మా."

"పైవరస లెక్కున్నది," అంది, చిక్కుడుకాయను చీల్చి లోపల పురుగుందేమో చూసి, గిన్నెలో వేస్తూ.

ఎండలు ముదిరాయి. క్లాసు నేననుకున్న దానికంటే వేగంగా నడిచింది. గ్యాస్ బుడ్డి వచ్చిందన్న మెసేజ్ చదివారు. కరెంటు బిల్లు చదివారు. ఎల్‌బీ నగర్ మెట్రో దాకా పోయి స్టేషన్ పేర్లు ఫొటోలు తీసుకొచ్చి టీవీ మీద పెట్టి చదివారు. ఒకరోజు వచ్చే వారం ఏం చెబుదామని తన్మయి, నేను హాలు అరుగు మీద కూర్చుని మాట్లాడుకుంటున్నాం.

"దవాఖాన చీటీలు పెడదాం మేడమ్. మందు పేర్లు, ఏ డాక్టరు దగ్గరికి పోవాలి, లోపలి బోర్డులు. వీళ్ళకు అన్నిటికంటే అవే అవసరం," అంది తన్మయి.

నిజమే. అన్నిటికంటే ముందు చెప్పాల్సింది అదే.

"అవి కష్టం. తర్వాత చూద్దాం," అన్నాను.

వెనక చెప్పులు తొడుక్కుంటున్న అత్తమ్మ తల ఎత్తకుండానే అంది. "బుడ్డి సదివినం. బిల్లు సదివినం. మెట్రో సదివినం. దవాఖాననే కష్టమా?"

నేను విననట్టు తన్మయితో వేరే మాట కలిపాను. అత్తమ్మ నా జవాబు కోసం ఆగింది, తర్వాత నడిచింది.

ఆ మర్నాడే దవాఖానకు పోతుంటే కారు కిటికీలోంచి ఆమె బోర్డులు చదవడం మొదలుపెట్టింది. మూసారాంబాగ్ దాకా ఒక్కో అక్షరం, మలక్‌పేట దాటాక రెండేసి. "మం... మంగ... మంగళ... మంగళసూత్రాల దుకాణం." వీరేందర్ అద్దంలో నా కళ్ళలోకి చూశాడు. ఆ రాత్రి డ్యూటీ గ్రూపులో ఒక నిర్ణయం జరిగింది. మర్నాటి నుంచి కారు వెనక గేటు దగ్గర ఆగింది. వంటశాల పక్కనుంచి, తడి దుప్పట్లు ఆరేసిన సందులోంచి తీసుకుపోయాం.

"ఇయ్యాల గీ తోవ ఏంది?" అంది అత్తమ్మ.

"అటు దిక్కు బండ్లు ఆపనిస్తలేరమ్మా."

ఆమె వెనక్కి తిరిగి ఆ గేటును చూసింది. దానిమీద ఏమీ రాసి లేదు. ఏమీ రాసి లేని గేటును అంతసేపు చూసిన మనిషిని నేనింకెక్కడా చూడలేదు.

అప్పటినుంచి నాకు ఆమె ప్రతి కదలికా అనుమానంగానే కనిపించేది. రోజూ కంటే ఒక ముద్ద తక్కువ తిన్నా, స్నానానికి పోయి ఆలస్యమైనా, తెలిసిపోయిందేమో అనిపించేది. మరుక్షణమే పక్కింటావిడతో నవ్వుతూ మాట్లాడేది. నేను ఊపిరి పీల్చుకునేదాన్ని. నేను చూస్తున్నానని ఆమె చూస్తోందేమోనని మళ్ళీ అనుమానం.

ఆ మధ్యాహ్నం మెసేజ్ ఎలా పంపాలో చూపిస్తున్నాను. నా ఫోను టీవీకి కలిపి ఉంది. అమల చెబుతోంది, నేను మైకు నొక్కాను, అందరూ చదవడానికి సిద్ధంగా ఉన్నారు. సరిగ్గా అప్పుడు టీవీ పైభాగంలోంచి ఒక తెల్లటి పట్టీ జారి నిలబడింది. డ్యూటీ. శైలేందర్.

టీవీ మీద ఏది పడితే అది చదవాలి. నేను నేర్పిందే. గొంతులన్నీ ఒక్కసారి లేచాయి.

"డ్యూ-టీ. అ-మ్మ-కు... క-రెం-టు... ఇం-కా... రెం-డు... వా-రా-లట. అ-స-లు..."

ఫోను తిప్పి పెట్టేశాను. టీవీ మీద పట్టీ అలాగే ఉంది. లేచి పోయి టీవీ మీటే కట్టేశాను. గొంతులు "సం" దగ్గర తెగిపోయాయి. ఆ తర్వాత రాసింది, 'సంగతి అమ్మకు తెలవనియ్యకు వదినా' అని. ఎంతమంది కళ్ళు గొంతుకంటే ముందు పరిగెత్తాయో నాకు తెలియదు.

"ఎవరి అమ్మకు టీచరమ్మా కరెంటు?" అంది అమల.

"మా మరిది... ఊర్ల కరెంటు పోయిందట."

"రెండు వారాలు పోతదా? గదేం ఊరు, గక్కడ ఓట్లు లేవా?"

నవ్వులు. అత్తమ్మ నవ్వలేదు. నల్లగా ఉన్న టీవీ వైపే చూస్తోంది. పెదవులు మెల్లగా కదులుతున్నాయి.

ఇంటికి నడిచేటప్పుడు అత్తమ్మ కొత్తపేట మలుపులో మామిడిపండ్ల బండి దగ్గర ఆగి, ముక్కు దగ్గర పెట్టుకుని ఏరి, పండ్లు కొంది. గేటు తీస్తూ అడిగింది.

"డ్యూటీ అంటే ఏంది భానూ?"

"పని అత్తమ్మా. ఆఫీసుల చేసే పని."

"ఊఁ."

ఆ రోజు అన్నదమ్ములిద్దరికీ చెప్పాను. వీరేందర్ తల పట్టుకున్నాడు. "తెల్లారి లెవ్వదు చూడు. పెద్దమ్మ లెక్కనే పంటది." పొద్దున మేం లేచేసరికి ఆమె స్నానం చేసి, సంచీలో నీళ్ళ సీసా పెట్టుకుని కుర్చీలో కూర్చుని ఉంది. తెలియలేదన్నమాట అన్నాడు వీరేందర్. నాకు అలా అనిపించలేదు. తెలిసిందనీ అనిపించలేదు.

హాస్టళ్ళకు కొత్త పిల్లలు వచ్చే రోజులు దగ్గరపడ్డాయి. వంటమనుషులకు ఇక తీరిక ఉండదు. ఆఖరి పాఠం మైకు లేకుండా పెట్టాను. ఎవరి వేలితో వాళ్ళు కొట్టి, ఇంటివాళ్ళకు ఒక మాట పంపాలి.

అమల కొడుక్కి 'అన్నం తిన్నవా' అని పంపింది. వెంటనే కొడుకు ఫోను చేశాడు. "అమ్మా, నీ ఫోను ఎవడో కొట్టేసిండు. నీ పేరు మీద మెసేజులు పెడుతుండు. జల్ది సిమ్ము బంద్ చేపియ్యి."

"నేనేరా పెట్టింది."

"నువ్వా? నువ్వెవరు?"

హాలు పడిపోయేలా నవ్వారు. ఆ నవ్వులో ఎవరూ అత్తమ్మను పట్టించుకోలేదు. ఆమె కిటికీ దగ్గర కూర్చుని, ఫోను ఒళ్ళో పెట్టుకుని, చూపుడువేలు గాలిలో ఉంచి, అక్షరం కోసం వెతికి, దొరికాక గట్టిగా పొడుస్తోంది. పక్కనున్న తన్మయి చెయ్యి చాపితే వద్దన్నట్టు తల ఊపింది. అందరూ పంపడం అయిపోయింది, టీ కూడా తాగేశారు. అప్పుడు నా ఫోను కదిలింది. 'మా ఇల్లు' గ్రూపు. పూల కింద, దండాల కింద, ఒక వరస.

'నను గుడ డుటి గురుపుల కలపుండి'

నేను తల ఎత్తలేదు. శైలేందర్ ఏదో రాస్తున్నట్టు కనిపించి ఆగిపోయింది. వీరేందర్ రాస్తున్నట్టు కనిపించి ఆగిపోయింది. ఆ వెంటనే డ్యూటీ గ్రూపులో శైలేందర్, 'వదినా నువ్వు చెప్పినవా'. వీరేందర్ ఫోను చేశాడు. తీయలేదు. మోగి మోగి ఊరుకుంది.

వాళ్ళను అడగలేదు. ఆమె పేరు వెతికి, నేనే కలిపాను.

హాలు ఖాళీ అయింది. తన్మయి కుర్చీలు ఒకదానిమీద ఒకటి పెట్టి వెళ్ళిపోయింది. అత్తమ్మ ఫోను కళ్ళకు దగ్గరగా పెట్టుకుని చూసింది, దూరంగా పెట్టి చూసింది.

"ఏం లేదేంది?"

"కొత్తగ ఒచ్చినోళ్లకు పాతవి కనపడవు అత్తమ్మా."

"గిదేం పెట్టె. పైవరస గుడ లేదు." చెయ్యి చాపింది. "నీది తే."

ఇచ్చాను. పైకి జరపడం నేనే నేర్పాను కదా, వేలితో జరుపుకుంటూ మొదటికి పోయింది. అక్కడినుంచి చదవడం మొదలుపెట్టింది. గొంతు విప్పి, క్లాసులో చదివినట్టే. శైలేందర్ మాటలు చదివింది. ఇంగ్లీషు అక్షరాలతో ఉన్న వీరేందర్ మాటల మీద గోటితో కొట్టి, "గివి తర్వాత నువ్వు చెప్పాలె" అంది. వెనక గేటు సంగతి చదివింది. ఆ వరసనే మళ్ళీ ఒకసారి చదివి, ముందుకు పోయింది. నేను కిటికీ ఊచలు పట్టుకుని నిలబడ్డాను. కింద వీధిలో ఎవరో హాస్టల్ గిన్నెలు దబదబా దించుతున్నారు.

అన్నీ అయిపోయాక అడిగింది.

"అది, అది అనే ఉన్నది అంతట. ఆ జబ్బు, ఆ జబ్బు అని. పేరు యాడ రాయలేదేంది?"

మళ్ళీ వెతికితే దొరుకుతుందేమోనన్నట్టు ఫోను నాకిచ్చింది. వెతకాల్సిన పని లేదు. నాకు తెలుసు.

"రాయబుద్ధి కాలేదు అత్తమ్మా. ఎవరికీ."

ఆమె నన్ను కాసేపు చూసింది. ఆ వేసవిలో ఆమె చూపులో అనుమానం లేకపోవడం అప్పుడే చూశాను.

"మీకు గుడ భయమే ఉన్నదన్నట్టు," అంది. కొంగు సర్దుకుంటూ లేచింది. "రేపు డ్యూటీ ఎవరిది?"

"ఆయనది."

"ముందు గేటు కాడ ఆపమను."

మర్నాడు వీరేందర్ ముందు గేటు కాడే ఆపాడు. దారిలో ఆమె ఏ బోర్డూ చదవలేదు. కారు దిగి, సంచీ నా చేతికిచ్చి, బోర్డు ఎదురుగా పోయి నిలబడింది. లోపలికి పోయే జనం ఆమెను తప్పించుకుని అటూ ఇటూ పోతున్నారు. ఎండ కళ్ళలో పడుతుంటే చెయ్యి అడ్డం పెట్టుకుంది.

మొదటి అక్షరం దగ్గరే ఆగింది. పెదవులు కలిసి విడిపోయాయి, మాట రాలేదు. వీరేందర్ ముందుకు కదిలి నోరు తెరిచాడు. అతని చొక్కా పట్టుకుని ఆపాను. ఎవరిది వాళ్ళే చదవాలి. ఆగాలి.

ఆగాం. ఆమె ఒక్కో అక్షరం కూడబలుక్కుని జబ్బు పేరు చదివింది. పక్కనున్న 'ఆసుపత్రి' చదివింది. మళ్ళీ మొదటికొచ్చి, ఈసారి ఎక్కడా తెగకుండా, ఒక్క గుక్కలో మొత్తం చదివింది. వీరేందర్ అటు తిరిగి నిలబడ్డాడు.

"మా అక్క ఇది సదవలేదు," అంది అత్తమ్మ, బోర్డు మీదినుంచి కళ్ళు తిప్పకుండా. "ఎవలో చెప్తె ఇన్నది."

ఆ తర్వాత నా చేతిలోంచి సంచీ తీసుకుంది.

"నడువుండ్రి. మన నంబరు పోతది," అని మాకంటే ముందు లోపలికి నడిచింది.